మతి తప్పే రోజు కోసం ఒక కాగితం

మా చిన్నమ్మకు మతి నిక్షేపంగా ఉంది. నా పెళ్లిలో తాళి కట్టేటప్పుడు నా చేతుల వణుకుకు పందిరి కూడా ఊగిందని ఇప్పటికీ పదిమందిలో చెప్పి నా పరువు తీయగలదు. అలాంటి మనిషి ఒకరోజు తన ఊరు గట్టు నుంచి బస్సెక్కి గద్వాలలో మా ఇంటికొచ్చి, చెప్పులు విడవకముందే కోరిక కోరింది.

"కొడుకా, నాకు మతి వోయిననాడు నా పనులన్నీ నువ్వే చూస్కునేటట్టు కాగితం రాయించు. నాకు పిల్లలా, జెల్లలా? మా బావ కొడుకులు ఇప్పట్నుంచే నా చెల్క భూమిని కండ్లతోని కొలుస్తుండ్రు."

ఆ భయం ఊరికే రాలేదు. మా అమ్మ, అంటే ఆమె అక్క, చివరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టలేదు. బ్యాంకులో, దవాఖానలో అందరిదీ ఒకటే మాట: "నువ్వెవరు? ఆమెను చెప్పమను." మా తిప్పలన్నీ చిన్నమ్మ పక్కనుండి చూసింది.

వకీలు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గదిలో పైకప్పును మోస్తున్నవి ఫైళ్లే. ఒక్కటి లాగితే గద్వాల కోట గోడ కూడా కూలేట్టుంది.

"జీపీఏ రాద్దాం," అన్నాడాయన. "ఆమె బదులు నువ్వు సంతకం పెట్టొచ్చు. కాకపోతే ఆమెకు మతి బాగున్నన్ని దినాలే నడుస్తది. మతి తప్పిందంటే కాగితం గూడ చెల్లదు. అప్పుడు హైకోర్టుకు వోయి, నన్ను సంరక్షకునిగ పెట్టుండ్రని అడుక్కోవాలె."

"అంటే వాన వడంగనే మూసుకునే గొడుగన్నట్టు," అంది చిన్నమ్మ.

నాకు ఒళ్లు మండింది. చీమకు కూడా చట్టం రాసిన దేశంలో, తెలివిగా ఉన్న మనిషి తెలివి లేని రోజు కోసం ఒక మాట చెప్పుకుంటానంటే వినే కాగితం లేదు. ఈ గొడుగు కనిపెట్టిన మహానుభావుడు దొరికితే వానాకాలమంతా దాని కిందే నిలబెట్టాలి.

కాళ్లు ఆడనినాడైనా పనికొస్తుందని వకీలు నచ్చజెప్పాడు. సరేనని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాం. అధికారి కళ్లద్దాలు సర్దుకుని, మతి ఎలా ఉందో చూద్దామని అడిగాడు. "పెద్దమ్మా, నీ భర్త పేరేంది?"

చిన్నమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని నేల చూసింది. ఆ వయసు ఆడవాళ్లు మా దగ్గర మొగుడి పేరు నోట పలకరు. రేషన్ షాపులోనైనా, ఓటు వేసేచోటైనా పక్కనున్నవాళ్లే అందిస్తారు. నేనూ నోరు తెరిచాను.

"మీరు చెప్పొద్దు. ఆమెనే చెప్పాలె."

"నాకు నోరాడది సారూ."

"ఆయన పోయిండు గదమ్మా, ఇప్పుడు చెప్తే ఏమైతది?"

"పోతే పరాయోడైతడా?"

ఈ ఒక్క జవాబుకే సుప్రీంకోర్టు లేచి నిలబడాలి. అధికారి మాత్రం కాగితాలు నావైపు నెట్టాడు. "భర్త పేరు చెప్పకపోతే నేనెట్ల నమ్మాలె? మతి బాగుందని డాక్టరుతోని రాయించుకొని రాండ్రి."

బయటికొచ్చి నేను తిట్టిన తిట్లకు జూరాల డ్యాములో నీళ్లు మరిగి ఉంటాయి. చిన్నమ్మ మాత్రం హోటల్ బల్లమీద కూర్చుని సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటోంది.

"జర చెప్తే ఏం వోయేది చిన్నమ్మా?"

"ఇను కొడుకా. నేను ఆయన పేరు చెప్తేనే ఆ సారుకు నాకు మతి ఉన్నట్టు. నువ్వు గట్ల అనుకోకు. నేను ఆయనను పేరు వెట్టి పిలిచిన దినమే నా మతి వోయినట్టు. అప్పుడు కాగితం కోసం సూడకు. వచ్చి నన్ను తోల్కపో."

డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయనా మొదట అదే అడిగాడు. ఆమె అక్కడా కొంగు లాక్కుంది. కాగితం ఇంకా కాలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాను. ఆమె తిట్లతో మొదలుపెడితే నా ప్రాణం కుదుటపడుతుంది. మొన్న మాత్రం "మీ చిన్నాయన..." అని ఆగిపోయింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"మీ చిన్నాయన వెట్టిన చింతచెట్టు ఇగురేసింది. వచ్చి కోస్కవో," అంది.