కుడికి దొర్లించిన గేదె

పశువుల డాక్టరుగా నన్ను నేను మెచ్చుకున్న రోజులు చాలానే ఉన్నాయి. ఆ వీడియో రోజు వాటిలో ఒకటి. నాగాయలంక అవతల, సముద్రపు వేటకు వెళ్ళేవాళ్ళ ఊళ్ళో ఒక గేదె ఈనలేక అవస్థ పడుతుంటే, లోపల గర్భసంచి మెలిపడిందని కనిపెట్టాను. గేదెను పడుకోబెట్టి, డొక్క మీద పడవ చెక్క వేసి, దాని మీద ఒక మనిషిని నిలబెట్టి, కాళ్ళకు తాళ్ళు కట్టించి దొర్లించాను. మెలిక విడిపోయింది, దూడ బతికింది. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. అందులో నేను చున్నీ నడుముకు బిగించి "కుడికి, కుడికి" అని అరుస్తుంటాను. గుడివాడలో ఉన్న మా అమ్మకు కూడా గొప్పగా పంపించుకున్నాను.

ఏడాది తిరిగాక ఒక ఉదయం, అవనిగడ్డ ఆస్పత్రిలో ఉండగా అదే ఊరి నుంచి ఫోను వచ్చింది. చేపల తట్టతో బజారుకు వచ్చే ఆవిడ. భర్త పోయాక ఆమెకు ఇంట్లో తోడంటూ మిగిలింది ఒక్క గేదే. అది తొలిచూలుతో ఉంది.

"డాక్టరమ్మ గారండీ, మా గేదె తెల్లారినకాడ్నుంచి నొప్పులు పడతందండీ. మీరు కంగారు పడమాకండి, ఒకసారి దొర్లించేశాం" అంది.

ఎటు దొర్లించారని కూడా అడగకుండా స్కూటరు తీశాను.

వెళ్ళేసరికి సగం ఊరు అక్కడే ఉంది. వల లాగేటప్పుడు కేక అందుకునే పెద్దాయన, ఆవిడకు బావగారు, నిరుటిలాగే తాళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను గ్లోవు తొడిగి చెయ్యి లోపల పెట్టాను. దారి పూర్తిగా మూసుకుపోయింది. మడతలు ఎడమకు తిరిగి, పిండిన గుడ్డలా బిగుసుకున్నాయి. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరు చెప్పారండీ మిమ్మల్ని దొర్లించమని?"

"మీరేగదండీ" అన్నాడు పెద్దాయన, ఏమాత్రం తొణక్కుండా. ఫోను తీసి నా ముఖం ముందు పెట్టాడు. నా గొంతే. కుడికి, కుడికి.

నిరుటి గేదెకు మెలిక కుడికి పడింది కాబట్టి కుడికి దొర్లించాను. చెక్క కింద గర్భసంచి కదలకుండా ఉంటుంది కాబట్టి, మెలిక ఎటు పడితే ఒంటిని అటే తిప్పాలి. దీనికి ఎడమకు పడింది. కుడికి దొర్లిస్తే ఇంకా బిగుస్తుంది. ఈ ఒక్క ముక్క ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"బతుకుద్దా అండీ?" అంది ఆవిడ.

"బతకాలమ్మా" అన్నాను.

గేదెను ఎడమవైపు పడుకోబెట్టాం. చెక్క వేశాం. నేను అరుస్తుంటే ఒక్కొక్కళ్ళు ఒక్కోసారి లాగారు, ఏమీ కదల్లేదు. ఇక నోరు మూసుకుని, "కేక మీరే వెయ్యండి" అని పెద్దాయనకు అప్పగించాను. వల లాగే కేక లేచింది. అన్ని తాళ్ళూ ఒక్కసారే కదిలాయి. ఎంత అందంగా దొర్లిందో! చెయ్యి పెట్టి చూస్తే మణికట్టు దాకా వెళ్ళింది. మళ్ళీ దొర్లించాం. ఈసారి ఉమ్మనీరు నా బట్టల మీదకు ఒక్కసారిగా చిమ్మింది. లోపల చిన్న గిట్ట నా వేళ్ళకు తగిలి, చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ప్రాణం ఉంది" అని గట్టిగా అరిచాను. అలాంటి సంతోషం నాకు డిగ్రీ పట్టా అందుకున్న రోజున కూడా లేదు.

కాసేపటికి పెయ్యదూడ ఇసుకలోకి జారింది. ఆవిడ కొంగుతో దాని ముక్కు తుడిస్తే తుమ్మింది. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

చేతులు కడుక్కుని అందరినీ కూర్చోమన్నాను. పెద్దాయన భుజం మీది తడి తువ్వాలు అడిగి తీసుకుని, ఒక కొస ఆవిడ చేతికిచ్చి, రెండో కొస నేను పట్టుకుని మెలిపెట్టాను. ఒకవైపు తిప్పితే వదులవుతుంది, రెండోవైపు తిప్పితే బిగుస్తుంది, మెలిక ఎటు పడిందో లోపల చెయ్యి పెట్టి చూస్తేగానీ తెలియదు, అందుకే నేను వచ్చేదాకా ఆగండి అని చెప్పాను. నిరుడు చెప్పకపోవడం నా తప్పేనని కూడా అన్నాను.

పెద్దాయన తువ్వాలు తీసుకుని దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఈ తువ్వాలు నిరుడూ నా భుజం మీదే ఉందండీ" అన్నాడు.