అట్ట కింద మడిచిన అమ్మాయి

1999లో మాదాపూర్‌లో నాది ఫ్రేములు కట్టే దుకాణం. అంతకుముందు బోరబండలో దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలు కట్టేవాణ్ణి. హైటెక్ సిటీలో ఆఫీసులు వస్తున్నాయని విని, గోడలుంటే పటాలు తప్పవు కదా అని ఇటు మారాను.

ఒక కొత్త కంపెనీ తన రిసెప్షన్ గోడకు నాలుగు బొమ్మలు కొన్నది. వేసినవారు సుజాత గారు, రాజమండ్రి నుంచి వచ్చి చందానగర్‌లో ఉంటున్నారు. ఆమె బొమ్మలు అమ్ముడుపోవడం అదే మొదటిసారి. ఎల్లుండి ఉదయానికి గోడకెక్కాలని, జాగ్రత్త అని మూడుసార్లు చెప్పి వెళ్ళారు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడికి జాగ్రత్తలేమిటని కాస్త చిరాకుపడ్డాను.

కాగితం మీద వేసిన బొమ్మకు మౌంట్ పెట్టాలి. అంటే బొమ్మకూ ఫ్రేముకూ మధ్య వేసే మందపాటి అట్ట. నడుమ కిటికీలా కోస్తే బొమ్మ అందులోంచి కనిపిస్తుంది. అంచున రంగు కారినా, కాగితం నలిగినా అట్ట కిందకు పోతుంది. అలా దాచడమే మా పనితనం.

నాలుగో బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. మధ్యలో ఎర్ర పట్టుచీర, హారం, వడ్డాణం, ఎవరో కట్టుకున్నట్టే నిలబడి ఉన్నాయి. లోపల మనిషి లేదు. కుడి అంచున మాసిన నూలుచీరలో ఒక అమ్మాయి, సగమే కనిపిస్తూ, చేతులు కట్టుకుని మనవైపే చూస్తోంది. ఎంత చూసినా అర్థం కాలేదు. మొదట ఆ అమ్మాయిని వేయబోయి, కుదరక వదిలేశారేమో అనుకున్నాను. ఆ అంచును వెనక్కి మడిచి, చీర సరిగ్గా నడుమకు వచ్చేలా మౌంట్ కోశాను. భలే కుదిరిందని మురిసిపోయాను కూడా.

మర్నాడు సాయంత్రం సుజాత గారు వచ్చారు. ఆ ఫ్రేము చూసి కుడి అంచు మీద వేలు పెట్టారు.

"అమ్మాయిని కోసేశారా అండీ?"

"లేదు మేడం, ఎనకకు మడిచిన. ఖరాబైన బొమ్మ అనుకున్న."

ఫ్రేము విప్పాను. అమ్మాయి భుజం మీదుగా నిలువునా మడత పడింది. అది పోయే మడత కాదని నాకు తెలుసు. మళ్ళీ వేయడానికి ఒక్క రోజు కూడా లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆమె తిట్టలేదు. అలా ఎందుకు అనిపించిందని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు. చీర బాగుందని, అమ్మాయి అడ్డమనిపించిందని ఉన్నమాట చెప్పేశాను.

"షాపుల కేలెండర్లలో అమ్మాయిని నిలబెట్టి చీర చూపిస్తారు కదండీ. ఆ అమ్మాయి పక్కకి తప్పుకుంటే ఎవరైనా ఆవిడ కోసం చూస్తారా అని వేశాను. కొన్నవాళ్ళ తర్వాత మొదట చూసింది మీరే."

"నేను సూడలే మేడం," అన్నాను.

కొత్త మౌంట్ కోస్తానని, మడత మీద కాస్త రంగు వేయమని బతిమాలాను. మౌంట్ కోయమన్నారు కానీ రంగు వద్దన్నారు. జరిగింది జరిగినట్టే కనపడనివ్వమన్నారు.

ఆ రాత్రే అమ్మాయి కనపడేలా కొత్త మౌంట్ కోశాను. నాలుగు అంచులూ చూడకుండా ఆ తర్వాత నేను ఏ మౌంటూ కోయలేదు. మర్నాడు బొమ్మ నేనే తగిలించాను. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి లేచి వచ్చింది. ప్రారంభం రోజని కంపెనీవాళ్ళు ఆమెను పట్టుచీర కట్టుకుని రమ్మన్నారట. బొమ్మలోని చీరను దాటి, నేరుగా అంచున ఉన్న అమ్మాయి ఎదుట నిలబడింది.

"ఈ గీత ఏందన్నా?" అని అడిగింది.

"నేను మడిచిన," అని చెప్పాను.