భుజం మీద చెయ్యి

మా అన్నయ్య పద్దెనిమిదేళ్లు టీవీలో క్విజ్ ఆట నడిపాడు. ఓడిపోయినవాళ్ల భుజం మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కేవాడు. వెన్నలాంటి మనసని జనం మురిసిపోయేవారు. వెన్నా లేదు, మన్నూ లేదు! ఏడుపొస్తోంది, మొహం దగ్గరగా తియ్యమని కెమెరామన్‌కు అది సైగ. అలా ఏడుస్తూ కెమెరాకు దొరికిపోయిన ఒక బడిపంతులు తలవంపుతో మళ్లీ బడి గడప తొక్కలేదు.

నాన్న పోయిన రోజు అన్నయ్య వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎంతైనా తోడబుట్టినవాడు కదా అని భోరుమన్నాను. తలెత్తితే గుమ్మంలో ఆ కెమెరామన్, చేతిలో ఫోన్ ఎత్తిపట్టి నిలబడి ఉన్నాడు.

"ఏమనుకోకమ్మా, అలవాటైపోయింది" అంటూ సిగ్గుపడి ఫోన్ దించేశాడు.

అన్నయ్య చెయ్యి మాత్రం నా భుజాన్ని ఇంకా నొక్కుతూనే ఉంది.