జరీపోగు ఫ్యూజు

పోయిన వారం మా ఇంట్లో కరెంటు బోర్డు మార్పించాను. వచ్చిన ఎలక్ట్రీషియను పాత బోర్డులోంచి పింగాణీ ఫ్యూజు కట్టను ఊడబెరికి, "ఇంకా వీటినే పట్టుకుని ఉన్నారా మేడమ్?" అని నవ్వుతూ చెత్తబుట్టలో వేయబోయాడు. నేను గబుక్కున చేయి చాపి తీసుకున్నాను. అరచేతిలో ఇమిడే తెల్లటి ముక్క, రెండు ఇత్తడి మరలు, వాటి మధ్య వెంట్రుకంత తీగ. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఎలక్ట్రీషియను నన్ను ఒక రకంగా చూశాడు. చూడనీ. ఇరవై ఎనిమిదేళ్ళు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని, ఫ్యూజు వాసన చూసే హక్కు నాకు కాకపోతే ఇంకెవరికి ఉంటుంది? అయినా నేను వెతికింది ఆ ఫ్యూజు వాసన కాదు, కాలిన పట్టు వాసన.

మా పుట్టిల్లు ధర్మవరంలో. ముందుగదంతా గుంత మగ్గమే. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్ళు దించి కూర్చుని నాయన పట్టుచీరలు నేసేవాడు. మిగిలిన జాగాలో మేము సర్దుకునేవాళ్ళం. మా ఇంట్లో మగ్గం ఉందనడం కంటే మగ్గం ఇంట్లో మేమున్నామంటే సరిగ్గా ఉంటుంది. డెబ్బైలలో, నేను నాలుగో తరగతి చదివేటప్పుడు మా ఇంటికి కరెంటు వచ్చింది. వచ్చింది అంటే ఒక్క బల్బు వచ్చింది. దాన్ని వంటింట్లో పెట్టమని అమ్మ, దేవుడి పటాల ముందు పెట్టమని అవ్వ పంతం పట్టారు. నాయన ఇద్దరి మాటా శ్రద్ధగా విని మగ్గం మీద వేలాడదీయించాడు. దేవుడికి దీపం ఉంది, అమ్మకు పొయ్యి ఉంది, నాకేముందని ఆయన వాదన.

తీగలు బిగించడానికి వచ్చిన కరెంటాయనను నేను వదిలిపెట్టలేదు. కరెంటు ఎట్లా వస్తుందని అడిగితే, "నీళ్ళ మాదిరి పాపా, తీగలో పారుకుంటా వస్తాది" అన్నాడు. వీధి కొళాయి ముందు బిందెల వరుసలో నిలబడి పెరిగిన పిల్లకు నీళ్ళ సంగతి చెబితే ఎట్లా? మా ఊళ్ళో నీళ్ళు రావడమే గగనం. వచ్చినవి వెనక్కి పోవడం నేనెన్నడూ చూడలేదు. "అట్లయితే ఒక తీగ సాలు గదా, రెండెందుకు?" అన్నాను. ఆయన నిచ్చెన మీదనుంచి నన్ను చూసి, "స్విచ్చు నొక్కితే వెలుగుతాది. అంతవరకు సాలు నీకు" అన్నాడు. తెలియనివాడు చెప్పే జవాబు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ తరువాత ఇట్లాంటి జవాబులు చెప్పే మాస్టర్లతో కలిసి నేను ఉద్యోగం కూడా చేశాను.

అదే ప్రశ్న నాయనను అడిగాను. మూడో తరగతితో బడి మానేసి గుంతలోకి దిగిన మనిషి. "నాకూ తెలీదు పాపా. కనుక్కొని చెప్తా" అన్నాడు. ఎంతోమంది పెద్ద చదువుల వాళ్ళ దగ్గర కూర్చున్నాను గానీ, ఈ మాట ఇంత సులువుగా అన్నవాళ్ళు నాకు ఎక్కువమంది తగల్లేదు. నాలుగు రోజుల తరువాత, బజారులో మోటార్లకు తీగలు చుట్టే ఆయన దగ్గర ఒక పూట కూర్చుని వచ్చి, నన్ను మగ్గం గట్టు మీద కూర్చోబెట్టుకున్నాడు. పేకపోగును మోసే నాడెను ఈ పక్కనుంచి ఆ పక్కకు విసిరాడు. అది పడుగు పోగుల మధ్య దూసుకుపోయి అవతల ఆగింది. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చీర ఎట్ల నేసేది?" అన్నాడు.

"నాడె వెనక్కి రావల్ల గదా నాయనా."

"అదే. పోయేదానికొక దారి, వచ్చేదానికొక దారి. అందుకే రెండు తీగలు. కరెంటు బల్బులోకి పోయి ఆడ్నే ఉండిపోదు, తిరిగొస్తాది. నాడె తిరిగొచ్చినా అది మోసుకుపోయిన పేకపోగు చీరలో ఉండిపోతాది గదా, అట్ల వెలుగు మన కాడ ఉండిపోతాది."

కరెంటు తిరిగిపోతుంది, అది చేసిన పని మాత్రం ఇక్కడ మిగులుతుంది. ఇంతకంటే మంచి పోలిక నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ ఇదే చెప్పాను. ఎవరూ మళ్ళీ అడగలేదు. ఆ రోజే ఫ్యూజు గురించి కూడా చెప్పాడు. "పడుగులో నీరసం పోగే ముందు తెగుతాది. వీళ్ళు కావాలనే ఒక నీరసం పోగు పెట్టినారు. ఎక్కువ తక్కువైతే అది తెగి, ఇంటిని కాపాడుతాది." ఇదీ మంచి పోలికే. నా కొంప మీదికి తెచ్చింది కూడా ఇదే.

మరుసటి సంవత్సరం శ్రావణంలో వాన పట్టింది. జిల్లా అంతా వానకోసం మొక్కుతుంటే, మా వీధిలో మాత్రం వాన పడితే ముఖాలు వేలాడేసుకునేవాళ్ళం. గుంతలో చెమ్మ ఊరుతుంది, పట్టు మెత్తబడుతుంది, పట్టపగలే గది చీకటి. సరిగ్గా అప్పుడే గోరంట్ల నుంచి ఒక పెళ్ళికూతురి మేనమామ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. మరునాడు తెల్లవారుజామున ముహూర్తం. పెళ్ళిపీటల మీద పిల్ల కట్టుకోవాల్సింది మేనమామ పెట్టే చీరే. అది ఇంకా మగ్గం మీదే ఉంది, జరీ కొంగు మూరెడు మిగిలింది. ఆయన రెండు గంటల బస్సుకు పోవాలి. "ఏమప్పా, అయితాదా?" అని గడియకోసారి లోపలికి తొంగి చూస్తున్నాడు. "అయితాది" అని నాయన తలెత్తకుండానే అంటున్నాడు. ఒప్పుకున్న చీర పొద్దు తప్పిందన్న మాట ఆయన అంతవరకూ పడలేదు. అప్పుడు మిద్దె కారి బల్బు హోల్డరులోకి చుక్క దిగింది. టప్పుమని ఫ్యూజు పోయింది.

నాయన హోల్డరు తుడిచి, కాసేపు ఆరనిచ్చి, ఇంట్లో ఫ్యూజు తీగ లేక గోనెసంచి నెత్తిన కప్పుకుని బజారుకు పరిగెత్తాడు. అమ్మ వంటింట్లో ఉంది. అరుగు మీద మేనమామ నిట్టూర్పులు లోపలికి వినబడుతున్నాయి. నా కళ్ళ ముందు కొంగుకోసం చుట్టిన జరీ కండె మెరుస్తోంది. సన్నటి పోగు, పైన వెండి. నీరసం పోగంటే ఇదే గదా అనుకున్నాను. పీట ఎక్కి ఫ్యూజు కట్ట లాగాను. నాలుగు జరీపోగులు పేనాను, మరలకు చుట్టి బిగించాను, కట్టను తిరిగి దాని గూట్లోకి తోశాను. బల్బు వెలిగింది. మేనమామ "శెభాష్" అన్నాడు. జీవితంలో చాలా మెచ్చుకోళ్ళు విన్నాను గానీ ఆ ఒక్క మాటకు పెరిగినంత పొడవు మళ్ళీ ఎప్పుడూ పెరగలేదు.

నాయన వాకిట్లోకి వచ్చాడు. వెలుగు చూసి ముఖం విప్పారింది. ఆ వెంటనే వాసన తగిలింది. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నేతగాడికి అది నిద్రలోనైనా తెలుస్తుంది. జరీ లోపల ఉండేది పట్టే. బోర్డు దగ్గరికి ఒక్క అంగలో పోయి మెయిను ఆపి కట్ట లాగాడు. జరీ నల్లబడి పొగ వస్తోంది. ఎవరైనా ముందు మగ్గం మీది చీరను చూసుకుంటారు. నాయన నా రెండు చేతులూ పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"కట్ట లాగేటప్పుడు మెయిను ఆపినావా?"

"లేదు నాయనా."

ఆయన మగ్గం గట్టు మీద కూలబడ్డాడు. అవ్వ ఊరుకోలేదు. "అడిగిందానికల్లా జవాబు చెప్పి దీన్ని చెడిపినావు. బడీ వద్దు ఏమీ వద్దు, రాట్నం కాడ కూర్చోబెట్టు. బతికన్నా ఉంటాది" అంది. అమ్మ కూడా అవ్వ పక్కనే నిలబడింది. దెబ్బలు నాలుగు తిని మరచిపోవచ్చు. బడి పోతే?

నాయన లేచి వచ్చి, "తప్పు పాపది కాదు. సగం చెప్పి ఇడిసిపెట్టినోన్ని నేను. భయపెడితే మనం లేనప్పుడు ముట్టుకుంటాది. నేర్పిస్తే చూసి ముట్టుకుంటాది" అన్నాడు. నన్ను పీట ఎక్కించి, వెనక నిలబడి, మెయిను ఆపి ఉందో లేదో నన్నే చూసుకోమని, కొత్త తీగను నా చేతే బిగింపించాడు. నా వీపుకు ఆనిన ఆయన రొమ్ము దడదడ కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

బల్బు మళ్ళీ వెలిగింది. నాయన గుంతలోకి దిగి నాడె విసిరాడు. అది సగంలోనే ఆగిపోయింది. మళ్ళీ విసిరాడు. ఇరవై ఏళ్ళుగా చూడకుండా విసిరిన చేయి, ఆ రోజు మాట వినలేదు. రెండు గంటల బస్సు పోయింది. మగ్గం మీదనుంచి చీర కోసేసరికి నాలుగు దాటింది. మడత పెట్టే ముందు నాయన కొంగును మేనమామ ముందు పరిచి, "ఈడ నాలుగు వేళ్ళంత పల్చగా పడింది అన్నా. నా చెయ్యి వణికింది. సెప్పకుండా ఇయ్యలేను" అన్నాడు. మేనమామ చీరను చూడలేదు, పీట మీదే కూర్చున్న నన్ను చూశాడు. "పెండ్లిలో ఎవరప్పా పోగులు లెక్కపెట్టేది? నాకూ ఆడపిల్లోల్లు ఉండారు" అని చీరను చంకలో పెట్టుకుని సాయంత్రం బస్సుకు పోయాడు.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. మగ్గం తీసేశారు, గుంత పూడ్చేశారు. నేను చదువుకున్నాను, చదువు చెప్పాను, నా పిల్లలకు ఫ్యూజు వేయడం నేర్పాను, ఇప్పుడు బోర్డులో ఫ్యూజే లేకుండా పోయింది. ఆ పెళ్ళికూతురు ఎక్కడుందో గానీ, పెళ్ళిచీరను ఎవరూ పారేయరు గనక ఆ చీర ఏ బీరువా అడుగునో భద్రంగానే ఉంటుంది. ఎప్పుడైనా మడత విప్పితే కొంగులో నాలుగు వేళ్ళంత మేర పోగులు పల్చగా కనిపిస్తాయి. ఇన్నేళ్ళ తరువాత కూడా, నా కోసం మా నాయన చేయి అక్కడ వణుకుతూనే ఉంది.