బుట్ట మాత్రం ఇవ్వనన్న అత్తయ్య

ఎవరో వదిలేస్తే తెచ్చుకున్న కుందేళ్లు రెండూ ఆడవే అనుకున్నాం. నెల తిరిగేసరికి వసారాలో పోసిన పత్తి కుప్పలో ఆరు పిల్లలు! కాస్త పెద్దయ్యాక, కూర వండుకోబోమని మాటిచ్చినవాళ్లకే, అదీ వాళ్ల ఇల్లు చూసొచ్చాకే, ఐదింటిని ఇచ్చాను. ఈ సాయంత్రం ఆఖరిదాని కోసం ప్రత్తిపాడు నుంచి ఒక టీచరు గారొచ్చారు. పిల్లని బుట్టతో సహా ఇవ్వబోతే మా అత్తయ్య బుట్ట లాగేసుకుంది.

"గేదెను అమ్మినా పలుపు ఇస్తామా ఎక్కడైనా? బుట్ట ఇచ్చేస్తే మనింట్లో మళ్లీ ఈనదమ్మాయ్!"

పాపం, టీచరు గారు పిల్లని చున్నీలో చుట్టుకుని వెళ్లారు. ఇన్నాళ్లూ "ఏం గోలే ఇది" అని సణిగిన మనిషి, ఇప్పుడు ఖాళీ బుట్టలో కొత్త పత్తి పరుస్తోంది.

మగదానికి ఎప్పుడో ఆపరేషన్ చేయించేశానని ఆవిడకి ఎట్లా చెప్పాలో మీరే చెప్పండి.