తోక విసిరే మలుపు

మా షెడ్డులో బీరన్నకు చేతనైన పని ఒక్కటే, వెనక నడవడం. వెక్కిరింపుకు అనడం లేదు. వాళ్ళది చివ్వెంల పక్క ఊళ్ళో గొర్రెల కుటుంబం. ఊహ తెలిసినప్పటి నుంచి మంద వెనకే నడిచాడు. బీళ్ళన్నీ ప్లాట్లయిపోయి మేపే చోటు లేక, నలభై దాటాక గొర్రెలమ్మేసి నా దగ్గరికి వచ్చాడు. నాది సూర్యాపేటలో కోదాడ రోడ్డు మీద ఇనుప పని షెడ్డు. మిర్యాలగూడ రైసుమిల్లులకు పొగగొట్టాలు చేసి పంపుతాను. నా పేరు మహేశ్వర్. ఈ కథకు నా పేరుతో పెద్దగా పని లేదు, నా తొందరతో ఉంది.

పొడవాటి గొట్టాన్ని ట్రైలర్ ఎక్కిస్తే కొంత వెనక్కి పొడుచుకొస్తుంది. దాని కొసకు ఎర్రగుడ్డ కడతాం. గుడ్డ కట్టేశాం కాబట్టి ఇక మన బాధ్యత తీరిందని ఈ లైనులో అందరి నమ్మకం. రూలు వేరే ఉంది. బండి బాడీ దాటి సామాను బయటికి రాకూడదు, కోయగలిగింది కోసే తీసుకుపోవాలి. గొట్టాన్ని కోయవచ్చు, మిల్లు దగ్గర మళ్ళీ అతికించవచ్చు. కానీ అతుకు గొట్టమంటే మిల్లువాళ్ళు మొహం చిట్లిస్తారు, నాకేమో ఆలస్యం. అందుకని గొట్టం వెనకాల మోపెడ్ మీద బీరన్నను పంపేవాణ్ణి, చేతిలో ఇంకో ఎర్రగుడ్డతో.

"ఎనక నడుసుడు నాకు కొత్తనా పటేలా" అని నవ్వేవాడు. మందలోంచి పిల్ల తప్పిపోతుందేమో అన్నట్టు గొట్టం కొస మీదినుంచి చూపు తిప్పేవాడు కాదు. అంత నమ్మకంగా పనిచేసేవాడు దొరికినందుకు నేను మురిసిపోయేవాణ్ణి.

డ్రైవర్ వీరేశం మాత్రం మొదట్లోనే హెచ్చరించాడు. "ముంగట నేను కుడికి తిప్పితె ఎనక తోక ఎడమకు ఇసురుతది సారూ. పామును మెడకాడ వట్టుకున్నట్టే. తోక ఎటు కొడ్తదో నాకు గానరాదు." విన్నాను. విని, టీ తాగి, బండి కదలమన్నాను.

మూడేళ్ళ కింద నేరేడుచర్ల దాటాక, కాలువ వంతెనకు ముందుండే కుడి మలుపులో ఆ తోక ఒక మనిషిని కొట్టింది. అతని పేరు సాయికిరణ్. ఇరవై నాలుగేళ్ళు. మిర్యాలగూడలో ఒక మిల్లు కాటా దగ్గర పనిచేసేవాడు, బైకు మీద డ్యూటీకి పోతున్నాడు. ఎడమ పక్కనుంచి ముందుకు పోబోయాడు. గొట్టం కొస ఎడమకు విసిరింది. అక్కడికక్కడే పోయాడు. మిట్టమధ్యాహ్నం, మబ్బు లేదు, పొగమంచు లేదు, ఎర్రగుడ్డ కట్టే ఉంది.

కేసు వీరేశం మీదా, నా మీదా అయింది. బీరన్ననెవరూ ఏమీ అడగలేదు. పదిరోజుల తర్వాత తనే షెడ్డుకొచ్చి, నా కుర్చీ ముందు నేల మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపాడు.

"గీ చెయ్యి పటేలా. గీ చెయ్యే పొమ్మన్నది."

అప్పుడు చెప్పాడు. మంద రోడ్డెక్కినప్పుడు వెనకనుంచి హారన్ వినబడితే కాపరి వెనక్కి చూడడు. చూపు తిప్పితే మంద చెదురుతుంది. కళ్ళు గొర్రెల మీదే పెట్టి, మందను ఒక పక్కకు ఒత్తి, ఖాళీ అయిన వైపు చెయ్యి ఊపుతాడు, ఇక పొమ్మని. వెనక ఉన్నది బండో, బస్సో, మనిషో అతనికి అక్కర్లేదు. ఆ రోజు మలుపులో వెనక హారన్ రెండుసార్లు మోగింది. బీరన్న కళ్ళు గొట్టం కొస మీదే ఉన్నాయి. మోపెడ్‌ను కుడికి జరిపి, అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి ఊపాడు.

"ఆ పిలగాడు నా చెయ్యిని నమ్మి పోయిండు. మొఖం గూడ సూడలే నేను. పడ్డంకనే సూసిన."

"అంతా టైం బీరన్నా" అన్నాను. అంతకంటే చవకైన మాట నాకు ఆ క్షణంలో దొరకలేదు.

ఆ తర్వాత ఏ లోడు వెనకా అతను పోలేదు. షెడ్డు ఊడ్చేవాడు, కాపలా ఉండేవాడు. ఒకనాడు అతని భార్య మణెమ్మ నా దగ్గరికొచ్చింది. మనిషి సగమై ఉంది.

"ఎండ నడినెత్తికొస్తె సాలు పటేలా, ఎనక హారన్ ఇనబడ్తుందంటడు. రెండు పాలి కొడ్తదంట. తిరిగి సూస్తె ఎవ్వలుండరంట. హారన్ ఇనబడంగనే చెయ్యి దానంతట అదే లేస్తదంట. రోడ్డెక్కితె తువ్వాలతోని చెయ్యి కట్టుకుంటుండు."

"పెద్దగట్టుకు తీస్కపోయి మొక్కు తీర్పియ్యకపోయినవా?"

"పోయొచ్చినం. గట్టు మీద గూడ ఇనబడ్డదంట. ఆడ బండ్లెక్కడియి?"

నేను నవ్వాను. ఎదుటివాడి భయం చూసి నవ్వడం సుఖంగా ఉంటుంది. ఆమె నవ్వలేదు, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఈ ఏడు వానాకాలం వడ్లు రావడానికి వారం ముందు మిర్యాలగూడ మిల్లు ఒకటి గొట్టం కోసం నా ప్రాణం తోడేసింది. నలభై ఎనిమిది అడుగుల గొట్టం. ట్రైలర్ చూస్తే నలభై. ఎనిమిది అడుగులు బయటికి రావాల్సిందే. తెల్లారి బయల్దేరాలి.

ముందురోజు మధ్యాహ్నం పనివాళ్ళు అన్నానికి పోయారు. షెడ్డులో బీరన్నా, నేనూ మాత్రమే ఉన్నాం. ఉన్నట్టుండి గొట్టంలోంచి సన్నగా ఒక మోత మొదలైంది. నోరు మూసుకుని ఎవరో మూలిగినట్టు. బీరన్న వెళ్ళి దాని మీద చెయ్యి వేశాడు.

"ఎవల్నో పిలుస్తున్నది పటేలా."

"గాలి బీరన్నా. గొట్టంల గాలి జొరబడ్తె మోగదా?"

"గాలేది?"

బయటికి చూశాను. గేటు పక్క వేపచెట్టు మీద ఆకు కదలడం లేదు. గోడకు ఆనించిన ఖాళీ సిమెంటు సంచి కూడా కదలడం లేదు. గొట్టం మాత్రం మోగుతూనే ఉంది. భయం వేసినప్పుడు అరవడం నా పాత జబ్బు.

"నీ పిచ్చి నాకంటియ్యకు. రేపు ఎనక నువ్వే పోవాలె. వేరేటోళ్ళు దొరకలే."

"కొయ్యి పటేలా" అన్నాడు మెల్లగా. "ఎనిమిదడుగులు కోసి పక్కనేసుకొని పోన్రి. ఇంకొకలు సావొద్దు."

"కోసుడు, ఆడ మళ్ళ అతుకేసుడు, గంత టైము లేదు."

"అయితె నేను రాను."

"రాకు. నేనే పోత. నువ్వొక్కనివేనా ఎనక నడిచెటోనివి?"

అతను గొట్టం మీంచి చెయ్యి తీసేశాడు. "పో. గని ఎనక హారన్ ఇనబడితె..." అని ఆగిపోయాడు.

"ఇనబడితె ఏం చెయ్యాలె?"

"నాకేం తెలుసు పటేలా. తెలిస్తె నా బతుకు గిట్లెందుకుంటది?"

తెల్లారి బయల్దేరాం. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు దగ్గరి దారి ఉన్నా అందులో ట్రైలర్ తిరగదు. కోదాడ మీదుగా, హుజూర్‌నగర్ మీదుగా పోవాలి. ముందు వీరేశం, వెనక బైకు మీద నేను, హ్యాండిల్‌కు ఎర్రగుడ్డ. కోదాడలో టీకి ఆగితే హోటలు ముసలాయన గొట్టం వైపు చూసి చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు.

"అదేంటండీ, అట్టా ఊళ వేస్తంది? దాని నోరు ముయ్యండి బాబూ, ఇనలేకపోతన్నా."

వీరేశం గొట్టం నోట్లో గోనెసంచి కుక్కి తాడుతో బిగించాడు. మోత ఆగింది. హుజూర్‌నగర్‌లో చూసుకుంటే సంచి లేదు. తాడు ఉంది, ముడి వేసినట్టే ఉంది. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. మాట్లాడితే వెనక్కి తిరగాల్సి వస్తుందని నా భయం, తిరిగితే మిల్లువాడు ఆర్డరు పీకేస్తాడని ఇంకో భయం. రెండో భయమే గెలిచింది.

నేరేడుచర్ల దాటేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. కోతలకింకా దిగలేదు, పొలాల్లో మనిషి లేడు. మలుపు కనబడింది. గొట్టం గుండ్రటి నల్లనోరు నా మొహానికి సూటిగా ఉంది. సరిగ్గా వెనకనుంచి చూస్తే దాని పొడవు తెలియదు, ఎంత దూరంలో ఉందో తెలియదు. ఒక నల్లచుక్క, దాని కింద ఎర్రగుడ్డ, అంతే. ఇన్నేళ్ళుగా నేను పంపుతున్న లోడు వెనకనుంచి ఎలా ఉంటుందో ఆ రోజే మొదటిసారి చూశాను. గుడ్డ బండి వేగానికి వెనక్కి ఎగరాలి. అది నిటారుగా కిందికి వేలాడుతోంది.

వెనక హారన్ మోగింది. రెండుసార్లు.

అద్దంలో చూశాను. రెండు అద్దాల్లోనూ ఖాళీ రోడ్డు, ఎండ. బీరన్న పిచ్చి నాకూ అంటిందనుకున్నాను. తిట్టుకున్నాను. మళ్ళీ రెండుసార్లు మోగింది, ఈసారి ఎడమ చెవి దగ్గరే, బతిమాలుతున్నట్టు. వెనక్కి చూడొద్దు, చూస్తే నేనూ అతనిలాగే అయిపోతాను అనుకుంటూ కళ్ళు గొట్టం కొసకు అతికించాను. వీరేశం కుడికి తిప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు నా ఎడమ చెయ్యి హ్యాండిల్ వదిలి లేచింది. నేను లేపలేదు. ఏ దేవుడి మీదైనా ఒట్టేస్తాను, నేను లేపలేదు. వేళ్ళు చాపుకుని, పొమ్మన్నట్టు ఊగడానికి సిద్ధంగా గాల్లో నిలబడింది. నాకు హారన్ మీద భయం పోయి నా చేతి మీద భయం పుట్టింది. దాన్ని చూడ్డానికే ఎడమకు తల తిప్పాను.

నా మోచెయ్యి పక్కనే ఒక స్కూటీ ఉంది. దాని మీద చున్నీ ముఖానికి చుట్టుకున్న ఆడమనిషి. ఏ అద్దానికీ అందనంత దగ్గరగా ఉంది. నా చెయ్యి చూసి, దారిచ్చానని నమ్మి, వేగం పెంచబోతోంది.

"ఆగు!" అని అరిచి బైకును ఆమె మీదికే ఒరిగించాను. ఇద్దరం కలిసి రోడ్డు దిగి తుమ్మల పక్క బురదలో పడ్డాం. గొట్టం కొస మా తలల మీదినుంచి ఎడమకు విసిరి, మళ్ళీ నెమ్మదిగా తన చోటికి పోయింది. అది కోసుకుపోయిన గాలి నా మెడకు తగిలింది.

ఆమె పేరు శ్రీజ. కోదాడ వైపు మనిషి, అక్కడ ఏదో బడిలో టీచరు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతకు మించి దెబ్బ తగల్లేదు.

"హారన్ అన్నిసార్లు కొట్టేకంటే వెనక ఆగాల్సిందమ్మా" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నేను హారన్ కొట్టలేదండీ. ఈ స్కూటీకి హారన్ పోయి రెండు నెలలైంది."

నేను లేచి వెళ్ళి దాని బటన్ నొక్కాను. పదిసార్లు నొక్కాను. చప్పుడు లేదు. వెనక రోడ్డు చూపు ఆనినంత మేర ఖాళీగా ఉంది. ఆమె నీళ్ళు తాగి, స్కూటీ లేపుకుని వెళ్ళిపోయింది.

వీరేశం ట్రైలర్‌ను పక్కకు ఆపాడు. నేరేడుచర్ల నుంచి గ్యాస్ కటింగ్ మనిషిని పిలిపించాను. షెడ్డుకు ఫోన్ చేసి, బీరన్నను తీసుకురమ్మని వెల్డర్ వినోద్‌కు చెప్పాను. ఎందుకు పిలుస్తున్నానో అప్పుడు నాకే తెలియదు. ఆ మలుపులో అతను పక్కన లేకుండా ఉండలేకపోయాను, అంతే.

వాళ్ళు వచ్చేసరికి ఎనిమిదడుగుల ముక్క తెగి పడింది. కోసిన అంచు ఇంకా వేడిగా ఉంది. నలుగురం పట్టి దాన్ని గొట్టం పక్కనే ట్రైలర్ మీద పడేశాం. ఇప్పుడు బాడీ దాటి అంగుళం కూడా బయటికి లేదు. బీరన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తువ్వాలు చుట్టిన ఎడమ చెయ్యి కడుపుకు ఆనించుకుని ఉన్నాడు.

"ఎప్పుడు మొదలువెట్టిన్రు పటేలా?"

"పన్నెండున్నరకు."

"ఇప్పుడెంతయింది?"

"రెండు గావొస్తున్నది."

లోపల లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. "గంటన్నర" అన్నాడు. కాలువ వంతెన వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. "ఆ పిలగాడు సచ్చిన నాడు గూడ గంటన్నర పనే ఉండె గద?"

"అవ్ బీరన్నా."

"మరి అప్పుడెందుకు కొయ్యలే?"

అతను నన్ను నిలదీయడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మూడేళ్ళు తన చెయ్యి ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టుకుని బతికినవాడికి, అందులో ఇంకొకరి వాటా ఉండొచ్చన్న ఊహ అంతవరకూ రాలేదు. రానీయకుండా ఉంచింది నేను. టైం అన్నాను, మొక్కు అన్నాను, నవ్వాను కూడా. అతని ముందు ఆ మట్టిలోనే కూర్చున్నాను. తువ్వాలు ముడి విప్పి, ఆ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"నీ చెయ్యి గాదు బీరన్నా" అన్నాను. "సాయికిరణ్‌ను సంపింది నేను."

వీరేశం ఇంజను ఆపి ఉన్నాడు. కటింగ్ మనిషి కూడా సామాను సర్దడం ఆపాడు. నేనన్నది అక్కడున్న అందరికీ వినబడింది.