పువ్వు వెనక పిందె

మొన్న తొలకరి పడ్డ పొద్దున డాబా మీద పెయింటు బకెట్లలో మట్టి కలిపి పెట్టుకుని, పాత రేకు డబ్బా మూత తీశాను. లోపల బూడిద, ఎండిన వేపాకు, వాటి మధ్య గుమ్మడి గింజలు. వేలు పెట్టగానే ఒక వాసన లేచింది. అందులో కట్టెల పొయ్యి ఉంది, వేప చేదు ఉంది, అడుగున ఎక్కడో తంబాకు ఘాటు కూడా ఉంది. జగిత్యాలలో మేముండే ఈ అద్దె ఇంట్లో గ్యాసు పొయ్యి తప్ప మరొకటి లేదు. బూడిద కావాలంటే వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చుకుంటాను. బీడీలు చుట్టడం మానేసి చాలా ఏళ్లయింది. అయినా ఆ ఘాటు పోలేదు, ఎందుకంటే డబ్బా నాది కాదు. అది నర్సవ్వ తంబాకు పోసుకున్న డబ్బా.

నర్సవ్వను మీరు చూసి ఉండరు. కోరుట్లలో మా గల్లీకి వచ్చినవాళ్లు కూడా ఆమె ముఖం సరిగ్గా చూసి ఉండరు. ఎప్పుడూ ఏదో ఒక పాదు మీద వంగి ఉండేది కాబట్టి ముందు నడుమే కనిపించేది. నేను ఆ గల్లీకి కొత్త కోడలిగా వచ్చాను. మాది రాయికల్. ఏడో తరగతిలో బడి మానేసి బీడీల చాట ఒళ్లో పెట్టుకున్నదాన్ని. నేను మానేసిన నాడు మా లెక్కల సారు మా ఇంటికి వచ్చి ఒక్కసారైనా బతిమాలలేదు. తరగతిలో ఆయన చెప్పే లెక్కల కంటే నేను వేసే జోకులకే పిల్లలు ఎక్కువ చెవులు పెట్టేవారు మరి. పెళ్లయిన ఏడాదికే ఆయన, అంటే లెక్కల సారు కాదు, మా ఆయన, మస్కట్ వెళ్లాడు. అత్తామామలు పొలం చూసుకుంటూ తమ పల్లెలోనే ఉండేవారు. కోరుట్ల ఇంట్లో నేను, నా నోరు, ఇద్దరమే మిగిలాం.

ఒకరోజు బియ్యం కడిగిన నీళ్లు మోరీలో పారబోస్తుంటే గోడ అవతలి నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏం పిల్లా, మోరీకి బువ్వ పెడుతున్నవా?"

"దానికి ఆకలైతున్నదట అత్తా. పొద్దటి సంది కడుపుల గుడగుడ అంటున్నది."

తర్వాత గోడ మీది నుంచి ఒక ఖాళీ బకెట్ ఇవతలికి దిగింది. "రేపటి సంది నీళ్లు గిండ్ల పొయ్. నా బీరపాదు నీ మోరీ లెక్క ఒర్రది గని, దానికి గూడ ఆకలే."

మా పరిచయం ఆ బకెట్‌తో మొదలైంది. ఆమె పెరడు పొడవునా నడిస్తే ఇరవై అడుగులు. కానీ ఆ ఇరవై అడుగుల్లో పనికిరానిదంటూ ఏదీ ఉండేది కాదు. పప్పు కడిగిన నీళ్లు వంగ మొక్కలకు, స్నానం చేసిన నీళ్లు చామగడ్డలకు. బీడీ ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కలు నీళ్లు కాగే పొయ్యిలోకి, ఆ పొయ్యి బూడిద పాదుల్లోకి. చాటలో అడుగున మిగిలిన తంబాకు పొడి నానబెట్టి, ఆ నీళ్లు చిక్కుడు తీగకు పట్టిన పేను మీద చల్లేది. పాత చీర బొంతయ్యేది, బొంత చిరిగితే తీగలు కట్టే పీలికలయ్యేది. "అత్తా, రేపు నువ్వు పోయినా నిన్ను ఎరువుకే వాడుకుంటవేమో," అన్నాను ఒకసారి. ఆమె కలుపు తీస్తున్న చేయి ఆపకుండానే, "మంచిగనే ఉంటది. బెండకాయలు లావుగ కాస్తయ్," అంది. నా మాటకు మాట వేసినవాళ్లు అప్పటిదాకా నాకు తగల్లేదు. అందుకేనేమో, నేను ఆమె వెనకే తిరిగాను. మొదటి వానలకు నా పెరట్లో పుంటికూర మొలిచింది, తర్వాత టమాట, గోకరకాయ. ఏడాది తిరిగేసరికి నేను బజారుకు పోయేది ఉల్లిగడ్డకు, ఆలుగడ్డకు మాత్రమే.

ఆమె పెరట్లో అన్నిటికంటే పెద్ద మర్యాద గుమ్మడి తీగకు. ఆ కాయ పెద్దగా ఏం ఉండేది కాదు. ముదురాకుపచ్చ తొక్క, లోతైన గాడులు, పట్టుకుంటే రాయి. కోసి ఉట్టిలో పెడితే ఎండాకాలం దాకా చెక్కు చెదరదు. ఆ గింజలు ఆమెకు కొడిమ్యాలలోని తల్లిగారింటి నుంచి వచ్చాయట. ఒక మధ్యాహ్నం బీడీలు చుడుతూ ఆమే చెప్పింది.

"మా ఆయన పోయిన ఏడు. పిల్లలు ఇద్దరు గింతగింత ఉండిరి. ఎండకాలం కార్ఖానకు ఆకు రాకపాయె, బీడీ పని బంద్. ఇంట్ల ఏం లేదు, ఉట్టి మీద ఆరు గుమ్మడికాయలు తప్ప. ఒక్కొక్కటి కోసుకుంట వచ్చిన. పిల్లలు గింజలు ఏంచి పెట్టుమని ఏడ్చిండ్రు. కొట్టిన గని పెట్టలే."

"గన్ని గింజల్ల రెండు పెడితె ఏమయితుండె అత్తా?"

"రెండు పెడితె ఇంకో రెండు అడుగుతరు." ఆమె దారం చుట్టడం ఆపి తన కుడి చేతి వైపు చూసుకుంది. "కొట్టిన చెయ్యి గిదే. మల్లచ్చే ఏటికి కాయలు కాపిచ్చి పెట్టింది గూడ గిదే."

నేను ఏదో అనబోయి ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి ఆ మధ్యాహ్నం బాగా గుర్తుంది.

మూడో ఏడు వానాకాలంలో ఆమె ఇంటి పెంకు కదిలి, గింజల కుండ మీదే నీళ్లు కారాయి. చూసుకునేసరికి గింజలు బూజు పట్టాయి. ఏరి ఏరి పెట్టినవాటిలో ఒక్కటే మొలిచింది. ఆ ఒక్క తీగకు ఆమె పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. మా వైపు కోతుల సంగతి మీకు తెలిసే ఉంటుంది, కాయ పండేదాకా ఆగే మర్యాద వాటికి లేదు. పాత చీరలన్నీ కలిపి కుట్టి తీగ మీద డేరా వేసింది. కర్ర పట్టుకుని డేరా పక్కనే కూర్చుని బీడీలు చుట్టేది. సద్దుల బతుకమ్మ నాటికి తీగ నిండా పసుపు పువ్వులు విచ్చుకున్నాయి.

ఆ ఏడు గల్లీలో అందరికంటే పెద్ద బతుకమ్మ నాదే కావాలని నాకు పట్టుదల. ముందురోజు గోడ మీది నుంచి అడిగాను.

"తెంపుకో పిల్లా," అంది నర్సవ్వ. "గని ఎనక సూసి—"

"ఎనక ఎవలున్నరు అత్తా, పోలీసోళ్లా?"

ఆమె పగలబడి నవ్వింది. నవ్వు ఆగేసరికి ఎవరో పిలిస్తే లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు ఆమె బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు పోయినప్పుడు నేను డేరా ఎత్తి పువ్వులు తెంపాను. బతుకమ్మ పైన గౌరమ్మగా పెట్టడానికి నడుమ బొడిపె లావుగా ఉన్న పువ్వు కావాలి. అలాంటివి మూడు దొరికాయి. వాటి కాడ దగ్గర గోలీకాయంత ఆకుపచ్చ గుండు ఉంది. నాకు అది కాడలో భాగమే అనిపించింది. బతుకమ్మలో బాగా నిలబడుతుందని సంబరపడ్డాను కూడా. కూరలు పండించడం నేర్చుకున్నానని గల్లీ అంతా చెప్పుకున్నదాన్ని, పువ్వులలో కాయ కాసేది ఏదో, కాయనిది ఏదో తెలుసుకోలేదు.

సాయంత్రం అందరం బతుకమ్మలు దించి చుట్టూ చేరాం. నర్సవ్వ నా బతుకమ్మ ముందు నిలబడి పైన ఉన్న పువ్వును చూసింది. వంగి, ఒక వేలితో దాన్ని కొంచెం పక్కకు తిప్పి, వెనక చూసింది. తర్వాత మళ్లీ సరిగ్గా పెట్టి వలయంలో కలిసింది. అందరితో పాటు చప్పట్లు కొట్టింది, పాట అందుకుంది. నా బతుకమ్మ పెద్దగా ఉందని అందరూ అన్నారు, ఆమె ఒక్కతే ఏమీ అనలేదు.

అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. వారం తర్వాత ఆమె డేరా ఎత్తి ఆకుల కింద ఒక్కొక్క కణుపూ తడుముతుంటే అడిగాను, ఏం వెతుకుతున్నావని. "పిందెలు," అంది. నేను తెంపిన పువ్వుల కాడ దగ్గరి ఆకుపచ్చ గుండ్లు అప్పుడు గుర్తొచ్చాయి. తీగ ఇంకో పిందె వేయకపోదులే అని సర్ది చెప్పుకున్నాను. వేసింది కూడా. అది ముసురుకు కుళ్లి రాలిపోయింది. దీపావళి ముందు ఒకరోజు ఆమె జ్వరంతో పడుకున్నప్పుడు కోతులు డేరా చించి తీగనే పీకి పారేశాయి.

ఆ చలికాలమంతా ఆమెను నవ్వించాలని చూశాను. నవ్వేది, నోటితో మాత్రమే. చివరికి ఒకరోజు మాటల్లో మాటగా అడిగాను. "అత్తా, నీ గుమ్మడి గింజలు ఇదివరకు ఎవలెవలకు ఇచ్చినవ్?"

"అడిగినోళ్లకల్ల ఇచ్చిన. గవ్వన్ని యాదికుంటయా?" అన్నా, ముగ్గురి పేర్లు చెప్పింది.

తల్లిగారింటికని చెప్పి బస్సెక్కాను. కొడిమ్యాలలో ఆమె అన్న కోడలు నన్ను పెరట్లోకి తీసుకెళ్లి చూపించింది, గోడ నుంచి గోడ దాకా సిమెంటు గచ్చు. "కోతులను మేపుడు మాతోని కాదని చేపిచ్చినం," అంది. గొల్లపల్లిలో గుమ్మడి తీగ ఉంది కానీ దుకాణం పాకెట్‌ది. కాయ తెల్లగా, పొడుగ్గా ఉంది. "మంచిగనే కాస్తది, ఏటేటా కొత్త పాకెట్ కొనుడే," అన్నారు. మిగిలింది సిరిసిల్ల. ఒకప్పుడు నర్సవ్వ ఇంట్లో కిరాయికి ఉండి వెళ్లిన పద్మ అక్కడ ఉంది. ఇంటి ముందు భాగంలో మరమగ్గాలు ఆడుతుంటాయి కాబట్టి ఆ ఇంట్లో అందరూ అరిచే మాట్లాడతారు. నేనూ అరిచాను. "నర్సవ్వ గుమ్మడి ఉన్నదా అక్కా?"

"ఉండె! ఆఖరి కాయ నిన్ననే కోసినం! ఇగో, తిను!" అంటూ ఆమె ఒక గిన్నె నా చేతిలో పెట్టింది. ఉప్పు చల్లి వేయించిన గుమ్మడి గింజలు. ఒకటి నోట్లో వేసుకున్నాను. మింగలేకపోయాను. నర్సవ్వ పిల్లలను కొట్టిన చెయ్యి కళ్ల ముందుకొచ్చింది.

"అన్నీ ఏంచినవా అక్కా?"

"లే, సగం! మిగిలినయి గోడ మీద ఎండుతున్నయ్! సాయంత్రం ఏంచుత!"

గోడ మీద చాటలో పిడికెడు పచ్చి గింజలు ఎండకు మెరుస్తున్నాయి. పద్మ అన్నీ కాగితంలో పోసి ఇచ్చింది. తనకు నాలుగు ఉంచుకోమని నేనే బలవంతం చేశాను.

కోరుట్లలో దిగి నేరుగా నర్సవ్వ దగ్గరికే వెళ్లాను. పొట్లం ఆమె ఒళ్లో పెట్టి, దారి పొడవునా తయారు చేసుకున్న మాటలన్నీ మరిచిపోయి, "పిందెల పువ్వులు తెంపింది నేనే అత్తా," అన్నాను.

"ఎరుకే. నీ బతుకమ్మల సూసిన."

"మరి తిట్టకపోతివి? ఒక్క మాటన్న అడగకపోతివి?"

ఆమె గింజలను ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి చూస్తోంది. ఒకటి పక్కన పెట్టి అంది. "అడిగితె నువ్వేమన్న అని నవ్విస్తవ్. నవ్వినంక నేను మర్చిపోత. ఆ దినం గూడ గంతే గద. ఎనక పిందె ఉన్నది ముట్టకు అని చెప్పబోతి, నువ్వు నవ్వియ్యంగ చెప్పుడే మర్చిపోతి. గిది నవ్వి మర్చిపోయే సంగతి గాదు పిల్లా."

నేను తల వంచుకున్నాను. ఆమె తంబాకు డబ్బా ఖాళీ చేసి, బూడిదా వేపాకూ వేసి, గింజలు అందులో పోసి నా చేతికే ఇచ్చింది. "మిరుగు వాన పడంగనే నీ పెరట్లనే పెట్టు. నా పెరట్లకు కోతులొస్తయ్, నువ్వొస్తవ్."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె మాత్రం ఈసారి నిజంగా నవ్వింది.

ఆ వానాకాలం నా పెరట్లో ఐదు తీగలు పాకాయి. నర్సవ్వ మాత్రం ఇంటి లోపల మంచానికే పరిమితమైంది. అయినా గోడ అవతలి నుంచి రోజూ అడిగేది, ఎన్ని ఆకులు, పేను పట్టిందా, డేరా గట్టిగా కట్టావా అని. సద్దుల నాడు పువ్వుల గుల్లబుట్టను ముందుగా ఆమె మంచం మీదికే తీసుకెళ్లాను. ఆమె ఒక్కొక్క పువ్వునూ తీసి, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ గుల్లలో వేసింది. ఒక్క దానికీ పిందె లేదు. గుల్ల నా వైపు జరిపింది. ఆ ఏడు గల్లీలో అందరికంటే చిన్న బతుకమ్మ నాది. పైన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ.

కాయలు ముదరకముందే ఆమె పోయింది. బెండకాయల మాట గుర్తొచ్చింది నాకు, మట్టి వేసేటప్పుడు. అప్పుడు నవ్వు రాలేదు, ఇప్పుడు కూడా రాదు.

డాబా మీద బకెట్లో మూడో గింజ నొక్కుతుండగా కింది వాటాలో ఉండే కవిత పైకి వచ్చింది. ఆమెకూ గింజలు ఇస్తానని చెప్పి ఉన్నాను. బట్టలు ఆరేయాలన్న సాకుతో వచ్చింది కానీ చేతిలో బట్టలు లేవు, కళ్లు వాచి ఉన్నాయి. నా నాలుక చివర ఒక మాట తయారుగా ఉంది. మంచి మాటే, కచ్చితంగా నవ్వేది. మట్టి చేతులు చీరకు తుడుచుకున్నాను.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

ఆమె బకెట్ పక్కన నేల మీదే కూర్చుంది. నేను డబ్బా మూత పెట్టి, ఆమె చెప్పేదాకా ఊరుకున్నాను.